115 అనగా ఏ ఊరు?

నెల్లూరు జిల్లా పడమటి భాగమున, వెలిగొండలకు తూర్పుగా ఉన్న ఊళ్లలో ఉదయగిరి, ఆత్మకూరు ముఖ్యమైనవి. రెండును పూర్వము తాలూకా కేంద్రములు. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినప్పుడు మండల కేంద్రములైనవి. రెండును శాసనసభా నియోజకవర్గములకు పేరిచ్చినవి. 2009, 2014 ఎన్నికల నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నియోజకవర్గముల జాబితాలో ఆత్మకూరు సంఖ్య 234, ఉదయగిరి సంఖ్య 242. 2014 జూన్ 2న రాష్ట్రము రెండుగా విడిపోయినది. జాబితాలోని 294 స్థానములలో మొదటి 119 తెలంగాణమునకు చెందినవి. మిగిలిన 175 స్థానములకు ఆంధ్రప్రదేశ్‌లో మరల 1 నుండి సంఖ్యలు వేసిరి. ఆ విధముగా 234లో నుండి 119 పోగా ఆత్మకూరు 115 అయినది. ఉదయగిరి 123 అయినది.

ఊరు కదలలేదు, పేరు మారలేదు, సంఖ్య మాత్రము మారినది. ఇంతటితో పోయిన చిక్కు లేదు. అసలు చిక్కు ఏమనగా, పాత జాబితాలో కూడ 115 ఉన్నది. అది ఖమ్మం జిల్లాలోని వైరా. పాత జాబితాలో 123 శ్రీకాకుళం జిల్లాలోని పాతపట్నం. ఒక ఉన్నత పాఠశాలలో విద్యార్థులు 2009 ఎన్నికలను 2019 ఎన్నికలతో పోల్చి చూచుటకు చిన్న ప్రోగ్రాము వ్రాసిరనుకొనుడు. 2009 నాటి ఫైలులో ఊళ్ల పేర్లు లేవు, సంఖ్యలే ఉన్నవి. ఆ సంఖ్యలను క్రొత్త జాబితాతో చదివినచో వైరాలో పడిన ఓట్లు ఆత్మకూరు ఎదుట అచ్చగును. పాతపట్నము ఓట్లు ఉదయగిరికి చేరును. యంత్రము ఏ ఆక్షేపణయు తెలుపదు. 115 క్రొత్త జాబితాలో ఉన్న సంఖ్యయే కదా! పట్టిక చక్కగా తయారగును. గోడకు అంటింపబడును. ఆత్మకూరులో పది సంవత్సరములలో ప్రజాభిప్రాయము ఎంతగా మారినదో చూడుడని వ్యాసములు కూడ వ్రాయవచ్చును.

ఈ విధమైన తప్పును పట్టుకొనవలసిన బాధ్యత ప్రోగ్రాము వ్రాసిన వానిదేనా, లేక అతడు వాడిన భాషకు కూడ కొంత భాగము ఉన్నదా? ప్రోగ్రామింగు భాషలను నిర్మించినవారు ఈ ప్రశ్నకు ఏబది సంవత్సరములుగా వేర్వేరు సమాధానములు ఇచ్చుచున్నారు. వాటిలో కొన్ని మెచ్చుకొనదగినవి, కొన్ని కావు. తీర్పునకు ముందు రెండు భావములను తెలిసికొనుట అవసరము.

మొదటిది ఎనమ్. కొన్ని వస్తువుల పేర్లను వరుసగా చెప్పి, 'ఈ రకమునకు చెందిన విలువలు ఇవియే, వేరు లేవు' అని భాషకు తెలుపుటను ఎన్యూమరేషన్ అందురు, వాడుకలో ఎనమ్. తెలుగులో జాబితా రకము అనవచ్చును. వారములో రోజులు ఏడు, ఋతువులు ఆరు, రాశులు పండ్రెండు. ఎనిమిదవ రోజు అనునది లేదు. ఋతువును వారముతో కూడుట అర్థము లేని పని. జాబితా రకము వలన ఈ రెండు సంగతులను కంపైలరు ముందుగానే గ్రహించి, ప్రోగ్రాము నడువక పూర్వమే తప్పును చూపగలదు. యంత్రము లోపల మాత్రము ప్రతి పేరును ఒక పూర్ణాంకముగానే నిలువయుండును. పేరు మనుష్యుని కొరకు, సంఖ్య యంత్రము కొరకు.

రెండవది జెనరిక్. దీనికి ఉదయగిరి నుండియే ఒక పోలిక దొరకుచున్నది. ఆ ఊరిలో కొయ్య గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కు పని ప్రసిద్ధమైనది. చుట్టుపట్ల కొండలలో దొరకు నర్ది, బిక్కి, దేవదారి వంటి కొయ్యలతో వాటిని చేయుదురు. గరిటె రూపము ఒకటే, కొయ్య మారవచ్చును. పనివాడు నర్దికి ఒక పద్ధతిని, బిక్కికి మరియొక పద్ధతిని విడివిడిగా నేర్చుకొనడు. 'ఏదో ఒక కొయ్య' అని మనసులో ఉంచుకొని ఒకే పద్ధతిని నేర్చును. ప్రోగ్రాములో కూడ ఇట్లే. విలువ ఏ రకమునకు చెందినదో ముందు చెప్పక, దాని స్థానమున 'టీ' వంటి ఒక అక్షరమును ఉంచి ఫంక్షనును ఒకమారే వ్రాయుదురు. బీజగణితములో సంఖ్యకు బదులు 'ఎక్స్' ఎట్లో ఇచ్చట రకమునకు బదులు 'టీ' అట్లు. దీనిని రకపు పరామితి అనవచ్చును.

అయితే 'ఏదో ఒక కొయ్య' అన్నప్పుడు ఆ మాటలోనే ఒక నిబంధన దాగియున్నది. అది ఉలికి లొంగవలెను. నల్లరాతిని తెచ్చి ముందు పెట్టి, 'రూపము అదే కదా, చెక్కుము' అన్నచో పనివాడు నవ్వును. ఫంక్షను కూడ టీని గురించి ఏమి చేయదలచినదో దానికి తగిన హామీని ముందు కోరవలెను. రెండు విలువలలో పెద్దదానిని ఏరు ఫంక్షనుకు, టీ రకపు విలువలను పోల్చవచ్చునను హామీ కావలెను. హామీ లేనిచో కంపైలరు ఒప్పుకొనదు, ఒప్పుకొనరాదు కూడ.

ఇప్పుడు ఈ రెండు భావములు కలిసిన చోటికి రావలెను. నియోజకవర్గములకు ఒక ఎనమ్, జిల్లాలకు ఒక ఎనమ్, పరీక్షా విషయములకు ఒక ఎనమ్ ఉన్నవి. ఫైలులో వ్రాయుటకు ప్రతిదానిని సంఖ్యగా మార్చవలెను. చదువునప్పుడు సంఖ్యను మరల పేరుగా మార్చవలెను. ప్రతి ఎనమ్‌కు విడిగా రెండేసి ఫంక్షనులు వ్రాయుట విసుగు. టీ రకమునకు ఒక్కమారు వ్రాసి వదలిపెట్టుట కుదరదా? ప్రశ్న సహజమైనది. దీనికి పలు భాషలలో దొరకు సమాధానము మాత్రము ఆశ్చర్యము గొలుపునంత వంకరగా ఉన్నది.

మైక్రోసాఫ్ట్ సంస్థవారి సీ షార్ప్ భాషను తీసికొనుడు. దానిని రూపొందించిన వారిలో ప్రధానుడు ఆండర్స్ హైల్స్‌బెర్గ్. టర్బో పాస్కల్‌ను నిర్మించినవాడు అతడే. భాషలో ఎనమ్ ఆది నుండియు, అనగా 2002 నుండియు ఉన్నది. జెనరిక్ పద్ధతి 2005లో రెండవ రూపములో వచ్చినది. టీపై పలు విధముల నిబంధనలు పెట్టుటకు ఆనాడే వీలు కల్పించిరి. కాని 'టీ అనునది ఎనమ్ కావలెను' అను నిబంధనను మాత్రము కంపైలరు త్రోసిపుచ్చెడిది. వింత ఏమనగా, భాషకు క్రిందనుండు యంత్రపు పొర ఆ నిబంధనను అప్పటికే అంగీకరించుచుండెను. క్రింది అంతస్తులో తలుపు తెరచియున్నది. పై అంతస్తులో మెట్లకు తాళము వేసియున్నది. ఈ తాళము 2018లో 7.3వ రూపము వచ్చువరకు తీయబడలేదు. పదమూడు సంవత్సరములు ప్రోగ్రాము వ్రాయువారు దొడ్డిదారులు వెదకుకొనిరి.

ఆ దొడ్డిదారులలో మిక్కిలి వాడుకలో ఉన్నది ఇది: టీ విలువను ముందు 'ఆబ్జెక్ట్' అను సర్వసామాన్య రకముగా మార్చి, దాని నుండి పూర్ణాంకమును బయటికి లాగుట. విలువను ఒక పెట్టెలో పెట్టి మూత వేసి, వెంటనే మూత తీసినట్లు. దీనిని బాక్సింగు అనియే అందురు. ప్రతిమారు మెమరీలో ఒక క్రొత్త పెట్టె తయారగును. లక్ష వరుసలున్న ఫైలును చదువునప్పుడు లక్ష పెట్టెలు తయారై, తరువాత చెత్తలో చేరును. ఇది ఆలస్యమే గాని అపాయము కాదు. అపాయము వేరొకచోట ఉన్నది.

సీ షార్ప్‌లో ప్రతి ఎనమ్‌కు ఒక ఆధార రకము ఉండును. చెప్పకున్నచో అది 32 బిట్ల పూర్ణాంకము. కోరినచో ఎనిమిది పూర్ణాంక రకములలో దేనినైనను ఎన్నుకొనవచ్చును. ఉమ్మడి జాబితాలో 294 వరకు సంఖ్యలున్నవి. ఒక బైటులో 0 నుండి 255 వరకే పట్టును, కాబట్టి బైటు చాలదు. రాష్ట్ర విభజన తరువాత జాబితా 175తో ముగిసినది. ఇప్పుడు బైటు చాలును. పొదుపరియైన ఒక ప్రోగ్రామరు ఎనమ్ ఆధారమును బైటుగా మార్చెననుకొనుడు. మార్పు సమంజసమైనదే. కంపైలరు కూడ ఏమియు అనదు. కాని పై ఫంక్షను నడచునప్పుడు పెట్టెలో నుండి 32 బిట్ల పూర్ణాంకమును తీయబోయి, అందు బైటు ఉండుట చూచి ఆగిపోవును. తప్పు వ్రాసిన రోజున బయటపడదు. ఓట్ల లెక్క చూపవలసిన రోజున బయటపడును. రకములను గురించి ముందుగా హెచ్చరించుటకే పుట్టిన జెనరిక్ పద్ధతిలో, హెచ్చరిక రావలసిన చోట రాకుండుట చిన్న లోపము కాదు.

2018 నాటి సవరణతో అంతయు చక్కబడినదా? నిబంధన వ్రాయుటకు వీలైనది, అంతే. టీ ఎనమ్ అని తెలిసిన తరువాత కూడ దానిని నేరుగా పూర్ణాంకముగా మార్చుటకు భాష అంగీకరింపలేదు. అందుచేత దొడ్డిదారులు అట్లే మిగిలినవి. పైగా 'ఎనమ్' అను మూలరకము తానే ఆ నిబంధనకు లోబడును గనుక, 'ఎనమ్ కావలెను' అన్నది చాలక 'విలువ రకము కూడ కావలెను' అని రెండవ మాట చేర్చవలసి వచ్చుచున్నది. వేగము కోరువారు 'అన్‌సేఫ్' అను తరగతిని ఆశ్రయించి, మెమరీలోని బిట్లను ఉన్నవి ఉన్నట్లుగా మరియొక రకముగా చదువుదురు. ఎనమ్ బైటుదై, చదువునది నాలుగు బైట్లయినచో ప్రక్కనున్న మూడు బైట్ల మెమరీ కూడ కలిసి వచ్చును. పేరులోనే ప్రమాదము ఉన్నదాని వద్దకు భాషయే జనులను తరుముట మెచ్చుకొనదగినది కాదు.

ఇంతవరకు చెప్పినది పేరు నుండి సంఖ్యకు పోవు దారి. తిరుగు దారి ఇంతకంటె క్లిష్టమైనది. ఇచ్చట గణితోపాధ్యాయులు తరగతిలో చెప్పు ప్రమేయముల పాఠము చక్కగా ఉపకరించును. నియోజకవర్గముల సమితిలో 175 మూలకములు. 32 బిట్ల పూర్ణాంకముల సమితిలో 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 మూలకములు. మొదటి సమితి నుండి రెండవదానికి పోవు ప్రమేయము అన్వేకము. రెండు ఊళ్లకు ఒకే సంఖ్య ఉండదు. కాని అది సంగ్రస్తము కాదు. 429 కోట్లకు పైగా పూర్ణాంకములకు ఏ ఊరును లేదు. సంగ్రస్తము కానిదానికి సహప్రదేశము మొత్తముపై విలోమ ప్రమేయము ఉండదు. వ్యాప్తిలోని 175 సంఖ్యలకు మాత్రమే వెనుకకు పోవు దారి ఉన్నది. మిగిలిన సంఖ్య ఏది వచ్చినను 'ఊరు లేదు' అని చెప్పుటయే సరియైన సమాధానము.

సీ షార్ప్ అట్లు చెప్పదు. క్రొత్త జాబితాలో లేని 234ను ఇచ్చి, నియోజకవర్గముగా మార్చుమన్నచో కాస్ట్ నిరాటంకముగా జరుగును. ఫలితము ఏ పేరును లేని నియోజకవర్గము. దానిని అచ్చువేసినచో 234 అనియే అచ్చగును. ఆధారము బైటే అయినను 234 అందులో పట్టును గనుక అక్కడ కూడ ఆక్షేపణ రాదు. సంఖ్యయిచ్చి ఎనమ్‌ను తెచ్చు 'టూ ఆబ్జెక్ట్' ఫంక్షను కూడ జాబితాను తరచి చూడదు. విలువ జాబితాలో ఉన్నదో లేదో చెప్పుటకు 'ఈజ్ డిఫైన్డ్' అను ఫంక్షను కలదు. కాని దానిని పిలువవలెనని గుర్తుంచుకొనుట ప్రోగ్రామరు వంతు. మరియొక సంగతి: ఏ విలువయు ఇవ్వని ఎనమ్ చలరాశి సున్నాతో మొదలగును. నియోజకవర్గముల సంఖ్యలు 1తో మొదలగును. అనగా నింపుటకు మరచిన ప్రతి గడియు లేని ఊరిని ఒకదానిని నిశ్శబ్దముగా సృష్టించును.

సీ షార్ప్ పక్షమున చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది, దానిని దాచుట న్యాయము కాదు. ఆ భాషలో ఎనమ్‌ను రెండు పనులకు వాడుదురు. ఒకటి జాబితా. రెండవది సంకేతముల కూర్పు. ఒక విద్యార్థికి వచ్చిన భాషలను తెలుపుటకు తెలుగునకు 1, హిందీకి 2, ఇంగ్లీషునకు 4 ఇచ్చినచో, 5 అనగా తెలుగు, ఇంగ్లీషు రెండును వచ్చునని అర్థము. 5కు ప్రత్యేకముగా పేరు లేదు. అయినను అది తప్పు కాదు. పేరు లేని విలువలను నిషేధించినచో ఈ రెండవ వాడుక కుంటుపడును. అందుచేత నిషేధింపలేదు. వాదము సబబైనదే కాని, దాని వలన తేలునది ఏమి? జాబితా ఒకటి, జాబితాలోని వాటి సమితి మరియొకటి. రెండు భిన్న భావములకు ఒకే పేరు పెట్టుట వలన, రెండవదాని కొరకు మొదటిదాని కాపలా తీసివేయవలసి వచ్చినది.

జావా భాష ఈ విషయమున తెలివిగా నడచినది. 2004లో వచ్చిన ఐదవ రూపములో ఎనమ్, జెనరిక్ రెండును ఒకేమారు ప్రవేశించుటచే ఒకదాని అవసరము రెండవదానికి ముందే తెలిసినది. 'టీ ఎనమ్ కావలెను' అను నిబంధన ఆనాటి నుండియు వ్రాయవచ్చును. సమితుల కొరకు 'ఎనమ్ సెట్' అను వేరు రకమును నిర్మించిరి. సంఖ్యను ఎనమ్‌గా కాస్ట్ చేయుట అసలే కుదరదు. పేరును ఇచ్చి విలువను కోరవచ్చును; జాబితాలో లేని పేరైనచో వెంటనే ఎక్సెప్షను వచ్చును. ప్రతి విలువకు 'ఆర్డినల్' అను వరుస సంఖ్య ఉన్నది గాని, చాలమంది ప్రోగ్రామర్లకు దీనితో పని ఉండదని భాషా పత్రములలోనే వ్రాసిరి. ఒక లోపము మాత్రము ఉన్నది. ప్రోగ్రాము నడచు సమయమునకు టీ ఏ రకమో జావా మరచిపోవును; కాబట్టి సంఖ్య నుండి గాని పేరు నుండి గాని విలువను తెచ్చు ఫంక్షనుకు, ఆ రకపు తరగతిని ఒక వస్తువుగా విడిగా చేతికి ఇవ్వవలెను. చూచుటకు అందముగా ఉండదు. అయినను తప్పు జరుగనీయదు.

ఆర్డినల్‌పై జావా వారి హెచ్చరిక ఊరక చేసినది కాదు. నెల్లూరు జిల్లా జాబితాను చూడుడు. కావలి, ఆత్మకూరు, కోవూరు, నెల్లూరు నగరము, నెల్లూరు గ్రామీణము, సర్వేపల్లి, గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి, ఉదయగిరి అని వరుసగా పది. ఎనమ్‌లో వరుస సంఖ్య సున్నాతో మొదలగును. ఆత్మకూరు 1, ఉదయగిరి 9. ఎన్నికల సంఖ్యలు 115, 123. మొదటిది స్థానము, రెండవది సంకేతము. ఈ రెంటిని ఒకటిగా తలచుట ప్రోగ్రామర్లలో తరచుగా కనిపించు పొరపాటు. 2014లో ఏమి జరిగినది? సంకేతములు మారినవి, జిల్లాలో స్థానములు మారలేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కందుకూరు నెల్లూరు జిల్లాకు వచ్చినది. దాని సంఖ్య 113, కాబట్టి అది జాబితా తలపై చేరవలెను. అది చేరినంతనే కావలి 0 నుండి 1కి, ఆత్మకూరు 1 నుండి 2కు జరుగును. ఈమారు స్థానములు మారినవి, సంకేతములు మారలేదు. స్థానమును నమ్మి ఫైలు వ్రాసినవాడు 2022లో చెడును. సంకేతమును నమ్మినవాడు 2014లో చెడును.

జనాభా లెక్కలలోను ఇదే కథ. 2001 లెక్కలలో నెల్లూరు జిల్లా సంఖ్య రాష్ట్రములోపల 19. 2011లో దేశమంతటికిని ఒకే వరుసలో సంఖ్యలు వేయగా అది 550 అయినది. జిల్లా అదే.

సీ భాషను గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1989 నాటి ప్రమాణము ప్రకారము ఎనమ్‌లోని పేర్లు వట్టి పూర్ణాంకములే. ఎనమ్ చలరాశిలో ఏ పూర్ణాంకమునైనను వేయవచ్చును. జాబితా అనునది అక్కడ వ్రాతలో సౌకర్యమే గాని కాపలా కాదు. సీ ప్లస్ ప్లస్ 2011లో 'ఎనమ్ క్లాస్' అను కట్టుదిట్టమైన రూపమును తెచ్చినది. దానిని దాని ఆధార పూర్ణాంకముగా మార్చుటకు ఒక చిన్న ఫంక్షనును గ్రంథాలయములో చేర్చుటకు 2023 నాటి ప్రమాణము వరకు ఆగవలసి వచ్చినది. పాస్కల్ మరింత నిక్కచ్చిగా ప్రవర్తించినది. 1970లో నిక్లాస్ విర్త్ ప్రకటించిన ఆ భాషలో పేరు నుండి సంఖ్యకు దారి ఉన్నది. సంఖ్య నుండి పేరునకు ప్రమాణ పాస్కల్‌లో నేరుగా దారియే లేదు.

మెచ్చుకొనదగిన సమాధానము అందరు మరచిన ఒక పాత భాషలో ఉన్నది. అది అడా. అమెరికా రక్షణశాఖ కొరకు ఫ్రాన్సు దేశీయుడైన ఝాఁ ఇష్బియా నాయకత్వమున తయారై, 1983లో ప్రమాణముగా నిలిచినది. సీ షార్ప్‌లో 2018 వరకు కుదరని నిబంధనకు సమానమైనది అడాలో మొదటినుండియు ఉన్నది. జెనరిక్ ఫంక్షను వ్రాయువాడు టీ అనునది వివిక్త రకము కావలెనని, అనగా జాబితా రకమో పూర్ణాంక రకమో కావలెనని, ఒక గుర్తుతో చెప్పగలడు. ఆ హామీ ఉన్నంతనే టీ విలువకు స్థానమును అడుగవచ్చును. స్థానమును ఇచ్చి విలువను కోరవచ్చును. పెట్టెలు లేవు, దొడ్డిదారులు లేవు. జాబితాకు మించిన స్థానమును ఇచ్చినచో అక్కడికక్కడ ఎక్సెప్షను లేచును. పోవు దారి, వచ్చు దారి రెండును ఉన్నవి. వచ్చు దారిలో ఒక కావలివాడున్నాడు. విలోమ ప్రమేయమును గురించిన గణితము చెప్పినది కూడ ఇదియే కదా.

అడాకును హద్దు ఉన్నది. అది ఇచ్చునది స్థానము మాత్రమే. ఆత్మకూరునకు 115 అను లోపలి సంకేతమును కేటాయించుటకు భాషలో వీలున్నను, ఆ సంకేతమును నేరుగా అడుగుటకు ప్రమాణములో మార్గము 2022 నాటి సవరణతో గాని రాలేదు. ముప్పది తొమ్మిది సంవత్సరములు ఆగిన ఈ అంశమున అడా అభిమానులు సీ షార్ప్‌ను ఎగతాళి చేయుటకు తగరు.

అయినను వైరాకును ఆత్మకూరునకును వచ్చిన చిక్కును విప్పుటకు పనికివచ్చు సాధనము అడాలోనే కనిపించుచున్నది. ఇంతవరకు చెప్పిన కాపలాలన్నియు సంఖ్య జాబితాలో ఉన్నదా లేదా అని చూచునవే. 234 వచ్చినచో పట్టుకొనగలవు. 115 వచ్చినచో పట్టుకొనలేవు, ఏలయన అది రెండు జాబితాలలోను ఉన్నది. ఇక్కడ తప్పు ఎనమ్‌లో లేదు, జెనరిక్‌లో లేదు. చేతికి వచ్చిన సంఖ్య ఏ జాబితాదో చెప్పని వట్టి పూర్ణాంకమగుటలో ఉన్నది. అడాలో '2009 సంఖ్య' అని 1 నుండి 294 వరకు ఒక పూర్ణాంక రకమును, '2019 సంఖ్య' అని 1 నుండి 175 వరకు వేరొక పూర్ణాంక రకమును ప్రకటింపవచ్చును. రెండును పూర్ణాంకములే అయినను ఒకదాని స్థానమున రెండవదానిని వాడినచో కంపైలరు ఒప్పుకొనదు. 2019 సంఖ్యను మాత్రమే స్వీకరించు ఫంక్షనుకు 2009 ఫైలులోని 115ను ఇవ్వబోయినచో ప్రోగ్రాము తయారే కాదు. పట్టిక గోడవరకు పోదు. రెండు జాబితాలకు నడుమ మార్పు కావలసినవాడు 119 తీసివేయు ఫంక్షనును బుద్ధిపూర్వకముగా వ్రాయవలెను. అది వ్రాయునప్పుడు 119 లోపలి సంఖ్యలను ఏమి చేయవలెనను ప్రశ్న అతనికి తప్పక ఎదురగును. ఇతర భాషలలో కూడ సంఖ్యను ఒక చిన్న రకములో చుట్టి ఇదే పనిని చేయవచ్చును. చేయువారు తక్కువ.

ఈ దృష్టితో చూచినప్పుడు, 'అన్ని ఎనమ్‌లకు ఒకే మార్పిడి ఫంక్షను' అను కోరికనే కొంత ప్రశ్నింపవలసి యున్నది. పేరు నుండి సంఖ్యకు పోవు ఫంక్షను సామాన్యముగా ఉండుటలో దోషము లేదు. అది ఎప్పుడును విఫలము కాదు. సంఖ్య నుండి పేరునకు వచ్చునది అట్టిది కాదు. టీ ఏ జాబితాయైనను కావచ్చును, సంఖ్య ఎక్కడినుండియైనను రావచ్చును అని వ్రాసినచో, ఏ సంఖ్య ఏ జాబితాదో తెలిసిన ఒకే ఒక చోటును ప్రోగ్రాములో నుండి తుడిచివేసినట్లగును. నాలుగు వరుసలు మిగులుటకు ఇచ్చు వెల ఎక్కువ. రస్ట్ భాష ఈ భేదమును పాటించినది: వట్టి పేర్ల ఎనమ్‌ను పూర్ణాంకముగా ఒక్క మాటతో మార్చవచ్చును, తిరుగు దారికి ఆ మాట పనిచేయదు, ప్రతి ఎనమ్‌కు విడిగా, విఫలము కావచ్చునని ఒప్పుకొనుచు ఫంక్షను వ్రాయవలెను. విసుగు కలిగించు పద్ధతియే. సీ షార్ప్ సౌకర్యముకంటె ఈ విసుగే మేలు.

సంఖ్యలను విడిచి పేర్లనే ఫైలులో వ్రాసినచో సరిపోదా అని విద్యార్థులు అడుగవచ్చును. చాలవరకు సరిపోవును, జావా వారు మొగ్గు చూపినది ఆ వైపే. కాని 2004 ఎన్నికల జాబితాను తెరచి చూచిన విద్యార్థికి 'ఆత్మకూరు' రెండుమార్లు కనిపించును. ఒకటి నెల్లూరు జిల్లాలోనిది, మరియొకటి కర్నూలు జిల్లాలోనిది. ఎనమ్‌లో రెండు విలువలకు ఒకే పేరును ఏ భాషయు అంగీకరింపదు; కాబట్టి అక్కడ జిల్లా పేరును ముందు చేర్చి వ్రాయవలెను. 2009 నాటికి కర్నూలు జిల్లాలోని ఆత్మకూరు నియోజకవర్గము పోయి, దాని స్థానమున శ్రీశైలము వచ్చినది. అప్పటినుండి ఒక్క ఆత్మకూరే మిగిలినది.

తరగతిలో చేయించుటకు తగిన పని ఒకటి ఉన్నది. ఉమ్మడి జాబితాను, తెలంగాణ జాబితాను, 2019 నాటి ఆంధ్రప్రదేశ్ జాబితాను మూడు ఎనమ్‌లుగా విద్యార్థులచే వ్రాయింపవచ్చును. తరువాత 120 అను సంఖ్యను మూడింటికిని ఇచ్చి, పేరు అడుగవలెను. మొదటిది ఇచ్ఛాపురము అని చెప్పవలెను. మూడవది గూడూరు అని చెప్పవలెను. రెండవది చెప్పుటకు నిరాకరింపవలెను. సీ షార్ప్‌లో వట్టి కాస్ట్‌తో వ్రాసిన విద్యార్థికి తెలంగాణ జాబితా నుండి కూడ 120 అని ఒక సమాధానము వచ్చును. అది ఏ ఊరని అతనిని అడుగవలెను.